ఓటీపీ ఎవరికి వస్తుంది

మా ఇంట్లో ఫోన్లన్నిటికీ చార్జింగ్ పెట్టడం నా పని. ఎవరూ పెట్టమని చెప్పలేదు. పెళ్లయిన కొత్తలో ఒకరోజు పెట్టాను, మర్నాడూ పెట్టాను, మూడోనాటికి అది నా పనై కూచుంది. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, మొహం కడుక్కుని, సోఫా సందులోంచి ఒకటి, వంటింటి గట్టు మీంచి ఒకటి, బాత్రూమ్ కిటికీలోంచి ఒకటి (అక్కడ పెట్టి మర్చిపోయేది మా ఆయనే) ఇలా నాలుగు ఫోన్లూ ఏరుకొస్తాను. మెత్తటి గుడ్డతో నూనె వేళ్ల ముద్రలు తుడుస్తాను. బ్యాటరీ ఊరికే తినేస్తాయని, తెరిచి వదిలేసిన పేజీలన్నీ పైకి తోసి మూసేస్తాను. అప్పుడు వరసగా వైర్లు తగిలిస్తాను. "నువ్వు పెడితేనే గబగబా ఎక్కుతుందోయ్, నీ హస్తవాసి అలాంటిది" అంటాడు మా ఆయన. పదహారేళ్లుగా అదే మాట, ముద్దుగానే అంటాడు. ఆ ముద్దుకి పడిపోయే కాబోలు నేనూ ఇన్నేళ్లుగా వైర్లు తగిలిస్తున్నాను.

నాలుగో ఫోన్ మా అత్తయ్యది. ఒకప్పుడు అది నాది. అంచు కొంచెం పగిలింది, తెర మాత్రం బాగానే కనబడుతుంది. దానికి నంబరు లేదు. "అమ్మ ఎప్పుడూ ఇంట్లోనే కదా, మాట్లాడాలంటే హాల్లో ఫోనుంది, సిమ్ ఎందుకు?" అన్నాడు మా ఆయన. అది నిజమే కదా అనుకున్నాను నేను. ఇంట్లో ఉన్న వైఫై మీదే అత్తయ్య ఆ ఫోన్‌ని నడిపిస్తుంది. మేమంతా వెళ్లిపోయాక కిటికీ పక్క కుర్చీలో కూచుని మా ఆన్‌లైన్ కొట్టు చూస్తుంది. మా కొట్టు అంటే నేను పనిచేసే కంపెనీది. ఆవిడ మాత్రం అందరితోనూ "మా కోడలి కొట్టు" అంటుంది. దుప్పట్ల దగ్గర్నుంచి దీపాల దాకా అన్నీ నేనే పక్క గదిలో కూచుని అమ్ముతున్నట్టు.

నేనేమీ అమ్మను. ఫోన్‌లో కనబడే తెరలు గీస్తాను. ఏ బటన్ ఎక్కడుండాలి, నొక్కితే ఏం రావాలి అన్నది నా ఉద్యోగం. మా కొట్టులో ప్రతి వస్తువు పక్కనా ఒక హృదయం బొమ్మ ఉంటుంది. నచ్చినదాన్ని ఇప్పుడు కొనక్కర్లేకుండా దాచిపెట్టుకోవడానికి. నొక్కితే బొమ్మ ఎర్రబడి ఆ వస్తువు "దాచుకున్నవి" అనే జాబితాలో చేరాలి. చేరదు. ముందు మీరెవరో చెప్పండంటూ ఒక ఫారం అడ్డుపడుతుంది. పేరు, ఫోన్ నంబరు, మెయిలు, పాస్‌వర్డ్, పుట్టినరోజు, ఆడా మగా. అవన్నీ నింపాక ఫోన్‌కి ఆరంకెల ఓటీపీ వస్తుంది. అదీ కొట్టాక గానీ ఆ బొమ్మ ఎర్రబడదు. ఆ ఫారం గీసింది నేనే. మూడేళ్ల కిందట పైవాళ్లు ఒక్కొక్క గడీ పెంచుకుంటూ పోతుంటే, సరే సరే అంటూ గీసుకుంటూ పోయాను.

"నూటికి ఎనభై ఎనిమిది మంది ఫారం మొహం చూసి వెనక్కి పోతున్నారక్కా" అంది లెక్కల పిల్ల. మా టీమ్‌లో అంకెలన్నీ చూసే అమ్మాయి తను. ఎవరు ఎక్కడ నొక్కారు, ఎక్కడ ఆగారు, ఎప్పుడు విసిగి వెళ్లిపోయారు అన్నీ చెప్పగలదు. ఎందుకు అన్నది మాత్రం చెప్పలేదు. ఎందుకన్నది కనిపెట్టమని మా టీమ్ పెద్ద నాకు అప్పగించాడు. ఆయన నాకంటే తొమ్మిదేళ్లు చిన్న. ఏ సమస్యకైనా బటన్ రంగు మారిస్తే సరిపోతుందని ఆయన నమ్మకం, అందుకని నేనూ లెక్కల పిల్లా చాటుగా రంగుల సారు అని పిలుచుకుంటాం. "మేడమ్, అది మీ బిడ్డే కదా, మీరే దారిలో పెట్టండి. నెలాఖరులోగా తేలకపోతే ఈ జాబితా పని వేరే టీమ్‌కి ఇచ్చేస్తామంటున్నారు" అన్నాడు. ఎంత వద్దనుకున్నా నా బిడ్డ అనేసరికి రోషం వచ్చింది.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. వాడేవాళ్ల పక్కన కూచుని చూడాలి. సాయం చెయ్యకూడదు, నోరు మెదపకూడదు, వాళ్లు తప్పు నొక్కినా ఊరుకోవాలి. పద్ధతి మంచిదే, నాకే కుదిరి చావదు. ఇంట్లో ఎవరైనా సీసా మూత తీయలేకపోతుంటే పక్క గదిలోంచి పరిగెత్తుకొచ్చే రకం నేను. అయినా పట్టుదలగా ఒక శనివారం మధ్యాహ్నం, మా ఆయన మా అమ్మాయిని చెస్ క్లాసుకి తీసుకెళ్లిన సమయం చూసి, అత్తయ్యని భోజనాల బల్ల దగ్గర కూచోబెట్టాను.

"మీరు రోజూ ఎలా చూస్తారో అలాగే చూడండత్తయ్యా. నేను పక్కనే కూచుంటాను, ఏమీ మాట్లాడను."

"నువ్వా? మాట్లాడకుండానా?" అని నవ్వి, కళ్లజోడు తుడుచుకుని మొదలుపెట్టింది.

నేననుకున్నది వేరు. కాలక్షేపానికి అటూ ఇటూ తిరుగుతుందనుకున్నాను. ఆవిడ తిరగలేదు. నేరుగా పోయింది. చెప్పుల స్టాండు దగ్గర కిందికి, యోగా చాపల దగ్గర ఆగి కుడిపక్కకి, నీళ్ల సీసాలు దాటి, ఆటల బట్టలు దాటి, నాలుగో వరస. రోజూ వెళ్లే వీధిలో నడిచినట్టు నడిచి, ఒకచోట ఆగింది. ముదురు నీలం రంగు ఈత దుస్తులు. మోచేతుల దాకా చేతులు, మోకాళ్ల దాకా కాళ్లు, పక్కన సన్నటి తెల్ల చార.

ఆవిడ వేలు హృదయం బొమ్మ దాకా వెళ్లింది. దానికి కాస్త ఎడంగా, గాల్లోనే ఆగింది. వేడి గిన్నె ముట్టుకోబోయినట్టు మళ్లీ వెనక్కి వచ్చింది. నొక్కండి, నొక్కండి అని నా గొంతులో మాట కొట్టుకుంటోంది. పద్ధతి పద్ధతే అని పళ్లు బిగబట్టాను. రెండోసారీ అంతే. ఇంక నావల్ల కాలేదు.

"నొక్కరేం అత్తయ్యా?"

"ఆ ఆకు నొక్కితే అబ్బాయిని అడుగుతుంది" అంది. ఆవిడకి ఆ బొమ్మ ఆకులా కనిపిస్తుందట.

నాకు అర్థం కాలేదు. కొంచెం బెట్టు చేసి, చివరికి చెప్పింది. పోయిన వానాకాలంలో ఒకసారి నొక్కింది. ఫారం వచ్చింది. పేరు రాసింది, పుట్టినరోజు రాసింది. నంబరు అడిగింది. తనకి నంబరేదీ? గుర్తున్నది కొడుకుది, అది రాసింది. ఆ ఆరంకెలూ కొడుకు ఫోన్‌కి వెళ్లాయి. అతనేదో మీటింగ్‌లో ఉన్నాడు. వెంటనే హాల్లో ఫోన్ మోగింది. "అమ్మా, ఎవరో నా నంబర్‌తో మోసం చెయ్యబోతున్నారు. నువ్వేదీ ముట్టుకోకు, నేను వచ్చేస్తున్నా" అన్నాడు.

ఆ రోజు నాకు బాగా గుర్తుంది. మూడింటికల్లా ఇంటికొచ్చి, చొక్కా కూడా మార్చుకోకుండా, ఉన్న పాస్‌వర్డ్‌లన్నీ మార్చి పారేశాడు. దొంగవెధవల్ని గంటసేపు తిట్టాడు. ఆ మార్చినవన్నీ నాలుగు ఫోన్లలో తిరిగి ఎక్కించడానికి నా ఆదివారం కాస్తా పోయింది.

"వాడంత కంగారు పడిపోతుంటే, ఆ దొంగని నేనే నాయనా అని ఎలా చెప్పనే?" అంది అత్తయ్య.

ఇద్దరం పడీ పడీ నవ్వాం. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాక అడిగాను, "చెబితే ఏమయ్యేది? ఆయనేమైనా అనేవాడా?"

"ఛ, ఒక్క మాట అనేవాడు కాదు. నా కొడుకు బంగారం. నవ్వేవాడు." ఆవిడ ఫోన్‌ని బల్ల మీద పెట్టి, దాని అంచు సరిచేసింది. "అమ్మా, నువ్వా, ఈతా అని నవ్వేవాడు. నీకు చెప్పేవాడు, చెల్లెలికి ఫోన్ చేసి చెప్పేవాడు, అది నవ్వి వాళ్లాయనకి చెప్పేది. అందరూ ముద్దుగానే నవ్వుతారు. వాళ్లందరూ నవ్వడం అయ్యాక ఇంక నాకే అది వద్దనిపిస్తుంది."

ఆ నవ్వు నాకు తెలుసు. పిల్ల పుట్టక ముందు ఒకసారి మోటార్ సైకిల్ నేర్చుకుంటానన్నాను. సరదాకి కాదు, నిజంగానే అన్నాను. మా ఆయన నన్ను దగ్గరకి లాక్కుని, "ముందు స్టూలెక్కి బల్బు మార్చేటప్పుడు వణక్కుండా ఉండు తల్లీ" అని నవ్వాడు. చాలా ప్రేమగా నవ్వాడు. ఆ ఏడాదంతా ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెప్పాడు, "మా ఆవిడ బండి నడుపుతుందట, రోడ్డు మీద మీరు జాగ్రత్త." వాళ్లూ నవ్వారు, నేనూ టీ కప్పులందిస్తూ నవ్వాను. తిట్టి ఉంటే ఎదురు తిరిగేదాన్ని. నా మొండితనం నాకు తెలుసు, ఈపాటికి బండి కొని వీధులన్నీ చుట్టేసి ఉండేదాన్ని. నవ్వితే ఎవరి మీద తిరగబడతాం? ఆ తర్వాత నాకేదైనా కావాలనిపిస్తే పైకి అనడం మానేశాను. కొన్నాళ్లకి అనిపించడం కూడా మానేసింది. అది ఎప్పుడు మానేసిందో కూడా నేను గమనించలేదు.

"ఏడేళ్లకే ఈదేదాన్ని" అంటోంది అత్తయ్య. "మా అన్నయ్యకి నేర్పింది నేనే. కాలవలో ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకి ఒక్క ఊపిరిలో వచ్చేదాన్ని. పన్నెండో ఏడు వచ్చాక ఇంక దిగొద్దన్నారు. ఒడ్డున కూచుని బట్టలకి కాపలా కాయమన్నారు."

"ఎవరి బట్టలకి?"

"మా అన్నయ్యవే!" అంది, ఇంతకాలమైనా కోపం చల్లారని గొంతుతో.

"మరి నొక్కకుండా రోజూ ఎలా గుర్తుపెట్టుకుంటున్నారు?" అన్నాను. పేరు కొట్టి వెతకచ్చు కదా అంటే తల అడ్డంగా ఊపింది. ఒకసారి మోకాలి పట్టీ అని కొడితే వారం రోజులు ఇంట్లో అందరి ఫోన్లలోనూ ప్రకటనల్లో మోకాలి పట్టీలే కనబడ్డాయట. అందుకని పొద్దున్నే దారి పట్టుకుని నడుచుకుంటూ పోయి, ఆ పేజీ తెరిచి ఉంచుకుంటుంది. పనుల మధ్య వచ్చి ఒకసారి చూసుకుంటుంది.

"సాయంత్రం దాకా ఉంటుంది. పొద్దున చూస్తే ఉండదు. పాత ఫోన్ కదా, తెల్లారేసరికి మర్చిపోతుంది పాపం, నాలాగే" అంది.

"ఇంకోటి నచ్చితే?"

"ఇంకోటి తెరిస్తే ఇది పోదూ? అందుకే ఒక్కటే కోరుకుంటున్నా."

ఆ ఫోన్ దేన్నీ మర్చిపోవడం లేదు. దీపాలు పెట్టే వేళకి ఇంటికొచ్చి, మెత్తటి గుడ్డతో తుడిచి, శ్రద్ధగా పైకి తోసి మూసేస్తున్నది నేను. ఏడాదిగా రోజూ, బ్యాటరీ కోసం. దాచుకునే జాబితాలు గీసి జీతం తీసుకునేదాన్ని, మా అత్తయ్య దాచుకున్న ఒక్కదాన్నీ రోజూ నా చేత్తోనే ఊడ్చేశాను. చెప్పకుండా ఉండలేకపోయాను. చెబుతుంటే ఏడుపొచ్చింది.

ఆవిడ నా వీపు మీద ఒక్కటి చరిచింది. "నువ్వుటే! నేను ఆ ఫోన్‌ని ఎన్ని తిట్టుకున్నానో! పోనీలే అమ్మాయ్, ఏడవకు. రోజూ పొద్దున మళ్లీ కొత్తగా కావాలనుకోవాల్సొచ్చింది. అలా అనుకున్నా కాబట్టే ఇంకా కావాలనిపిస్తోందేమో."

మర్నాడు ఆదివారం, బయటి మనిషిలా నేనే మా కొట్టులోకి వెళ్లి చూద్దామనిపించింది. కంపెనీ ఇచ్చిన వేరే ఫోన్ తీసుకుని, మా ఇంటి ఖాతాతో లోపలికి పోబోయాను. ఓటీపీ పంపాం అంది. నా ఫోన్ చూసుకున్నాను. రాలేదు. హాల్లోంచి మా ఆయన పాట పాడినట్టు చదవడం మొదలుపెట్టాడు, "నాలుగూ... సున్నా... రెండూ రెండూ... ఏం కొంటున్నావోయ్?"

"ఏమీ లేదు" అన్నాను, అలవాటుగా.

అన్నాక మంచం అంచున కూచుని లెక్కేసుకున్నాను. నాకు ఉద్యోగముంది, నా సొంత నంబరుంది. అయినా ఖాతా పదకొండేళ్ల కిందట ఆయన తెరిచాడు. కరెంటు, గ్యాసు, పిల్ల స్కూలు, మా కొట్టు, అన్నిటికీ ఆయన నంబరే. అందులో దురుద్దేశం ఏమీ లేదు, ఆ రోజు ఆయన ఫోన్ చేతికి దగ్గరగా ఉంది, అంతే. పదకొండేళ్లుగా నేను ఏ తలుపు తట్టినా ఆయనకే వినబడుతోంది. ఆయన ఎంతో ఓపిగ్గా, పాట పాడుతూ తీస్తున్నాడు. ఫారం గీసిన నాకు ఈ సంగతి ఇన్నేళ్లూ తట్టలేదు. జాబితా తెరిచి చూశాను. నేను దాచుకున్నవి నూట ముప్పై. పిల్ల బూట్లు, మా ఆయన మేజోళ్లు, టిఫిన్ డబ్బాలు, తడిగుడ్డ కర్రకి మార్చే కుచ్చు. కిందిదాకా వెతికాను, అందులో నాకోసం దాచుకున్నది ఒక్కటీ లేదు.

గురువారం మీటింగ్. రంగుల సారు తెర మీద రెండు బటన్లు చూపించాడు, ఆకుపచ్చదీ, నారింజదీ. ఆరు గడుల్ని మూడు చేద్దాం, చేరినవాళ్లకి మొదటిసారి తగ్గింపు ఇద్దాం అన్నాడు. అందరూ తలూపారు.

"ఫారమే వద్దు" అన్నాను.

నా గొంతు నాకే గట్టిగా వినబడింది. బొమ్మ నొక్కితే వెంటనే ఎర్రబడాలి, అంతే. జాబితా ఆ ఫోన్‌లోనే ఉంటుంది. పేరు వద్దు, నంబరు వద్దు. ఇంకో ఫోన్‌లో కూడా కనబడాలని వాళ్లకే అనిపించినప్పుడు అప్పుడు అడుగుదాం.

"అదెలా మేడమ్, నంబరు లేకపోతే మెసేజ్‌లు ఎవరికి పంపాలి?" అన్నాడు ప్రకటనలు చూసే ఆయన. నేను నోరు తెరిచేలోగా ఇంకో రెండు మాటలు తనే అనేసి, నవ్వేసి, తర్వాతి విషయం అన్నట్టు కాగితం తిప్పాడు. మామూలుగా అయితే అక్కడ ఆగిపోయేదాన్ని.

"లెక్కలు చూడండి" అని లెక్కల పిల్ల వైపు తిరిగాను. ముందురోజే ఇద్దరం కూచుని తవ్వాం. తను లేచి చెప్పింది. ఫారం చూడగానే వెళ్లిపోయేవాళ్లు సరే. కానీ అన్నీ ఓపిగ్గా నింపి, నంబరు కూడా రాసి, ఓటీపీ దగ్గర ఆగిపోయేవాళ్లు వేలల్లో ఉన్నారు. వాళ్లలో చాలామంది "ఆడ" అన్న గడి నొక్కినవాళ్లు.

"సిగ్నల్ లేక ఓటీపీ వచ్చుండదు" అన్నాడు రంగుల సారు.

"వచ్చింది సర్. వేరేవాళ్ల ఫోన్‌కి వచ్చింది."

"మీకెలా తెలుసు?" అన్నాడాయన.

మా అత్తయ్య రహస్యం నేను చెప్పను. అందుకని నాది చెప్పాను. "నా ఓటీపీ కూడా నాకు రాదు సర్. మా ఆయనకి వస్తుంది. మన కొట్టులో నేనొక జత చెప్పులు దాచుకోవాలన్నా ఆయన్ని పిలవాలి." పదకొండేళ్ల ఉద్యోగంలో ఆ బల్ల ముందు నా ఇంటి మాట ఎత్తడం అదే మొదలు.

ప్రకటనలాయన నవ్వబోయి, ఎవరూ తోడు రాకపోయేసరికి ఆపేశాడు. రంగుల సారు పెన్ను మూత తీసి, పెట్టి, మళ్లీ తీశాడు. "మా ఆవిడవీ నాకే వస్తాయి" అన్నాడు. మొదట్లో కొంచెం గర్వం ఉంది ఆ గొంతులో. "మీటింగ్‌లో ఉన్నా సరే చదివి చెబుతాను..." అంటూ నెమ్మదించాడు. పెన్ను మూత పెట్టేశాడు. "సగం మందికి ఇలా ఇచ్చి చూద్దాం, రెండు వారాలు. చేరేవాళ్లు తగ్గితే మాత్రం దానికి మీరే జవాబు చెప్పాలి మేడమ్."

మొదటి వారం చేరేవాళ్లు నిజంగానే తగ్గారు, ఆయన నాతో మాట్లాడ్డం కూడా తగ్గించాడు. దాచుకునేవాళ్లు మాత్రం ఆరింతలయ్యారు. రెండోవారానికి వాళ్లలో కొందరు వాళ్లంతట వాళ్లే పేర్లు ఇచ్చి చేరడం మొదలుపెట్టారు. అలా అందరికీ ఫారం తీసేశారు. పైవాళ్లకి పంపిన మెయిల్లో రంగుల సారు "మా టీమ్ ఆలోచన" అని రాసి, చివర సహకరించినవాళ్ల వరసలో నా పేరు వేశాడు, అదీ ఒక అక్షరం తప్పుతో. లెక్కల పిల్ల మండిపడింది. నాకూ మండింది, దాచుకోవడమెందుకు. ఆ మెయిల్‌కి జవాబుగా, ఆలోచన నాదని, లెక్క లెక్కల పిల్లదని, పేరు సరిగ్గా రాయమని మూడు వాక్యాలు రాసి అందరికీ వెళ్లేలా పంపాను.

ఇంట్లో అత్తయ్య నొక్కింది. ఆకు ఎర్రబడింది. ఏమీ అడగలేదు. ఇంకేదో అడుగుతుందని ఆవిడ వేలు అలాగే పట్టుకుని కొంచెంసేపు ఎదురుచూసింది. "అంతేనా?" అంది. అంతే అన్నాను. ఆ వారంలో ఇరవై రెండు దాచుకుంది. అవేంటో నేనడగలేదు. ఆవిడే ఒకటీ అరా చూపించింది, పక్షుల్ని చూసే దుర్భిణీ, ఒక్కరే పడుకునే గుడారం. "కొంటారా?" అంటే, "అన్నీ కొనడానికేమిటే? నాకేం కావాలో నాకు తెలియాలి కదా" అంది. ఈత దుస్తులు మాత్రం కొంది. నా పేరు మీద, నా నంబరుతో మా ఆఫీసుకి తెప్పించి, నా సంచిలో టిఫిన్ డబ్బా కింద పెట్టుకుని తెచ్చాను. మంగళవారాలు పొద్దున మా వీధి చివరి ఈతకొలనులో ఆడవాళ్లకి విడిగా ఒక గంట ఉంది. మొదటిసారి నన్ను తోడు రావద్దంది. తిరిగొచ్చాక తల తుడుచుకుంటూ, "సగం దూరమే వెళ్లగలిగా. అయినా మునగలేదు" అంది. ఆవిడ మొహం అలా వెలగడం నేనెప్పుడూ చూడలేదు, నాకే గర్వంగా అనిపించింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఆయన అత్తయ్య ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. "అమ్మా, ఇది మరీ నెమ్మదైపోయినట్టుంది, అక్కర్లేనివన్నీ తీసేస్తాను ఉండు" అంటూ వేలితో తోస్తున్నాడు. అత్తయ్య పేపర్ మడత పెడుతున్నదల్లా ఆగిపోయింది.

నేను వెళ్లి ఆయన చేతిలోంచి ఫోన్ తీసుకున్నాను. "ఇది అత్తయ్యది" అన్నాను.

"తెలుసోయ్, బాగుచేద్దామనీ..."

"ఆవిడ అడిగినప్పుడు చేద్దువుగాని."

నవ్వాడు. నేను నవ్వలేదు. అత్తయ్యా నవ్వలేదు. ఆయన నవ్వు అలా ఒంటరిగా మిగిలిపోవడం నేనెప్పుడూ చూడలేదు, నాకే జాలేసింది. "అంత రహస్యం ఏముంది అందులో?"

"ఆవిడకి కావాల్సినవి."

"ఏం కావాలి? అడిగితే నేను కొనివ్వనూ?" మొహం చిన్నబుచ్చుకున్నాడు. నిజంగానే కొనిస్తాడు, ఏది అడిగినా కొనిస్తాడు, అది నాకూ తెలుసు, ఆవిడకీ తెలుసు.

"కొనిస్తావు. అడక్కుండా కూడా కావాలనుకోవచ్చు కదా" అన్నాను.

అత్తయ్య లేచి వచ్చి కొడుకు తల నిమిరి, నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, తన గదిలోకి వెళ్లిపోయింది. ఆయన ఆ తలుపు వైపు చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు. ఈసారి ఆ గొంతులో ఆటపట్టింపు లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.

"నీకూ ఉందా, అలాంటిది?"

"ఉంది" అన్నాను.

అప్పటికి లేదు. అబద్ధం అంత తేలిగ్గా నోట్లోంచి వచ్చినందుకు నాకే ఆశ్చర్యమేసింది. ఏముందని ఆయన అడగలేదు. అడగబోయి ఆగాడు. ఆ ఆగినందుకు ఆయన మీద ఎంత ప్రేమ కలిగిందో చెప్పలేను. లేచి కంచాలు తనే తీశాడు.

నేను కిటికీ పక్కన కూచుని ఫోన్‌లో ఆఫీసు సెలవుల పేజీ తెరిచాను. పాత సెలవులన్నీ వరసగా కనబడ్డాయి. పిల్లకి జ్వరం. అత్తయ్యకి కళ్ల పరీక్ష. ఆడపడుచు ఇంట్లో శుభకార్యం. ప్లంబర్ వస్తాడు. పిల్ల స్కూల్లో మీటింగ్. మా ఆయన ఊరికెళ్తున్నాడు. పదకొండేళ్లు కిందికి జరుపుకుంటూ పోయాను, మొదటి రోజు దాకా. తర్వాత పైకొచ్చి కొత్తది తెరిచాను. రేపు, సోమవారం, ఒక రోజు. వంటింట్లో మా ఆయన గిన్నెల చప్పుడు చేస్తున్నాడు, ఏది ఎక్కడ పెట్టాలో తెలియక. లేచి వెళ్లి చెప్పాలనిపించింది. వెళ్లలేదు. కారణం రాయండి అని గడి ఎర్రగా అడుగుతోంది. చాలాసేపు ఆలోచించాను. "ఇంకా తెలియదు" అని రాసి పంపేశాను.